దొరసాని తూకం

మార్చి 2, 1948. మంగళవారం

ఇవాళ కూడా దొరలే. ఈ ఏడు మామిడి కాపు కన్నా ముందే దొరల కాపు వచ్చింది. తెల్లారేసరికి మా విమానాల మైదానం గేటు ముందు బండ్లు వరుసగా నిలబడ్డాయి. మానుకోట వైపు నుంచి ఒక దొర, తొర్రూరు వైపు నుంచి ఇద్దరు. ఒకాయన వేటకుక్కను కూడా తెచ్చాడు. ఊళ్లలో దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు గడీల తలుపులు తడుతున్నారట. రైలు పట్టాలు ఎక్కడ లేచిపోతాయో తెలియదట. అందుకని ఈ జిల్లాలో ఉన్న గడీలన్నీ ఎనిమిది మంది పట్టే మా విమానంలోనే పట్నం చేరాలట. వారానికి రెండుసార్లు వచ్చే విమానం ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తోంది. నా నడుముకు మాత్రం సెలవు లేదు.

నిన్న జనగామ బజారులో ఒకాయన ఏం చేస్తావని అడిగితే "విమానాలు నడిపిస్తా" అన్నాను. మాన్‌సింగ్ పక్కనే ఉన్నాడు. నాతోపాటు సామాను మోసేవాడు, నా ఘనత అంతా ఎరిగినవాడు. అయినా నవ్వలేదు, అదే నయం. నేను చేసేదేమిటంటే, దిగిన విమానం చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టడం, ఎగిరే ముందు వాటిని తీయడం, పచ్చజెండా ఊపడం, గేదెలు అడ్డం వస్తే తోలడం. అన్నిటికంటే ముఖ్యం తూచడం. యుద్ధం రోజుల్లో చదును చేసిన నేల ఇది, పొట్టిది. బరువు ఎక్కువైతే విమానం చివర్లో ఉన్న తుమ్మకంప దాటదు. అందుకని సామానునే కాదు, మనుషుల్నీ తూచాలి. తూకం బల్ల పట్నం నుంచి వస్తుందని మేనేజరు చెబుతూనే ఉన్నాడు. ఈలోపు పత్తి తూచే పాత కాంటా ఒకటి తెచ్చి మూడు వాసాలకు వేలాడదీశాం. ఒక తట్టలో రాళ్లు, ఒక తట్టలో మనిషి. ఇవాళ ఒక వకీలుగారు తట్టలో కాళ్లు ముడుచుకుని కూర్చుని నా ముఖం చూడకుండా కళ్లు మూసుకున్నారు.

మార్చి 4, గురువారం

కొమురమ్మ మళ్లీ అడిగింది.

ఆమె మైదానంలో గడ్డి కోసే కూలి మనిషి. ఊరు భూపాలపల్లి దారిలో చెల్పూరు దగ్గర. అంత దూరం నుంచి నడిచి వచ్చి ఇక్కడ గడ్డి కోయడం బిడ్డ కోసం. బిడ్డ పేరు లచ్చి, సునంద దొరసాని దగ్గర ఆడబాప, జీతం లేని దాసి. దొరసాని పుట్టిల్లు కూడా చెల్పూరు దిక్కే. జనగామ దగ్గరి రామ్మోహన్‌రావు దొరతో పెళ్లయినప్పుడు బిందెలు, పట్టెమంచాలతో పాటు ఈ పిల్లను కూడా అరణం ఇచ్చి పంపారట. అప్పటికి పాలపళ్లు ఊడలేదట. ఇప్పుడు ఇరవై ఏళ్ల మనిషి. దొర ముందే పట్నం చేరాడు. ఇక దొరసాని బయలుదేరాలి, ఆమెతో లచ్చి.

"కొడుకా జకరయ్యా, నా బిడ్డ ఎన్నడు పోతది?"

"దొరసాని ఎప్పుడు పోతే అప్పుడే అవ్వా."

"పట్నం పోతే మల్ల నా కండ్లకు కానొస్తదా? ఆ ఎక్కిచ్చెటోనివి నువ్వే గద, జర నువ్వే ఏమన్న జెయ్యి."

"నా పని ఎక్కించే వరకే" అన్నాను.

"దించుడు నీ పని గాదా?" అంది.

దించడం కూడా నా పనే. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

మార్చి 5

నడుము పోయింది. ట్రంకుల్లో ఇత్తడి పెడుతున్నారో, గడీ గోడలే పెడుతున్నారో.

మార్చి 8, సోమవారం

లచ్చిని చూశాను.

దొరసాని ట్రంకులు ముందుగా తూచి పెడదామని ఆమె గుమాస్తా తెచ్చాడు. ఇద్దరు మగవాళ్లు మోయాల్సిన ట్రంకును ఆమె ఒక్కతే నెత్తిన పెట్టుకుని వచ్చింది. నేను మగతనం చూపించబోయి ఎదురెళ్లి పట్టుకున్నాను. ట్రంకు నా కాలి మీద పడింది.

"నీ కాలు ఇరిగితే నన్నంటరు. జర పక్కకు జరుగు" అంది. తర్వాత నా టోపీ చూసి "విమానం నడిపేది నువ్వేనా?" అంది.

కాలు మండిపోతున్నా నోరు ఊరుకోదు కదా. నేను పచ్చజెండా ఊపకపోతే అది అంగుళం కదలదని చెప్పాను. బరువు ఎక్కువైతే పైలట్ సాబ్ కూడా నా మాట వినాల్సిందే అని చెప్పాను. ఆమె కాంటా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఎక్కువైతే ఏం జేస్తరు?"

"దించేస్తాం."

"ముందుగాల ఎవలను?"

"చిన్నవాళ్లను."

"చిన్నోళ్లంటే పోరగాండ్లనా?"

"కాదు. చిన్నవాళ్లను" అన్నాను.

ఆమెకు అర్థమైంది. నవ్వింది కూడా. "గట్లనా టోపీ దొరా" అని వెళ్లిపోయింది. నన్ను వెక్కిరించిందని తెలుసు. తెలిసి కూడా ఇవాళ టోపీకి రెండుసార్లు బ్రష్ కొట్టాను. ఆమె నాకు నచ్చింది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

మార్చి 12, శుక్రవారం

దొరసాని వచ్చింది. దొరసాని వెళ్లలేదు.

ఆమెతో ఆడబిడ్డ సరోజనమ్మ, ఆమె పిల్లలు, గుమాస్తా, లచ్చి. అందరూ కాంటా ఎక్కారు. గుమాస్తాకు ఇదే మొదటి విమానం. కొత్త కోటు తొడుక్కొచ్చాడు, తట్టలో కూర్చుని ఫొటో తీస్తున్నట్టు మెడ ఎత్తి పెట్టాడు. చివరికి దొరసాని వంతు. నేను తల వంచుకుని "అమ్మా, తమరు" అన్నాను.

"నేనెక్క" అంది.

ఆమె మేడారం తల్లులకు నిలువెత్తు బంగారం మొక్కుకుందట. బంగారం అంటే బెల్లం. కాంటాలో ఒక దిక్కు తాను కూర్చుని, రెండో దిక్కు తనంత బెల్లం తూచి ఇవ్వాలి. మాఘమాసంలో జాతర జరిగింది కానీ దారులన్నీ తెగి ఉండడంతో పోలేకపోయింది. మొక్కు అట్లాగే ఉండిపోయింది. ఆ మొక్కు తీరకుండా ఉత్త రాళ్లతో తూగితే తల్లులను ఎగతాళి చేసినట్టేనట.

"నన్ను రాళ్లతోని జోకుతవా కిరస్తానపోడా?" అంది. నేను డోర్నకల్ మిషన్ బడిలో చదివాను. ఇట్లాంటి ప్రశ్నకు జవాబు అక్కడ చెప్పలేదు.

కంటితో చూసి అంచనా వేయమన్నాడు మేనేజరు. చూశాను. దొరసాని కూడా నన్ను చూసింది. ఉన్నదాంట్లో సగం చెప్పాను. పైలట్ సాబ్ ఆమెను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "అంధా హై క్యా?" అని నా కళ్లను అనుమానించాడు. తూకం లేకుండా ఎక్కించనని విమానం వేసుకుని వెళ్లిపోయాడు. మైదానం అవతల గడ్డిలో కొమురమ్మ కొడవలి పట్టుకుని నిలబడి అంతా చూసింది.

మార్చి 13

మేనేజరు తిట్టాడు. దొరసాని ఈ నెల లోపల ఎగరకపోతే నేను ఎగిరిపోతానట.

సాయంత్రం నాకో ఆలోచన వచ్చింది. తరచుగా జరిగేది కాదు కనుక తేదీ వేసి పెట్టుకుంటున్నాను. దొరసానికి మొక్కు తీరాలి, మాకు తూకం కావాలి. మా దగ్గర కాంటా ఉంది. ఆమె బెల్లం తెచ్చుకుంటే సరి. ఇటు ఆమె, అటు బెల్లం. మొక్కుకు మొక్కు, తూకానికి తూకం. బెల్లం ఎంతో ఆమె అంత. ఇంత సులువైన సంగతి పైలట్ సాబ్‌కు తట్టలేదు, మేనేజరుకు తట్టలేదు, నాకు తట్టింది.

మార్చి 14, ఆదివారం

గుమాస్తా నా భుజం తట్టాడు. "ఎంత తెలివిగల్లోనివిరా" అన్నాడు. దొరసాని ఒప్పుకుందట. మంచిరోజు చూసి వస్తుందట. మేనేజరు నాకు చాయ్ తాగించాడు.

కొమురమ్మ మాత్రం నాతో మాట్లాడలేదు. నేనే వెళ్లి పలకరించాను.

"మొక్కు అడ్డంబడ్డది, తల్లులే ఆపిండ్రు అనుకున్న. నీ తెలివి తోటి నా బిడ్డను పంపుతున్నవు" అంది. గొంతు కూడా పెంచలేదు.

నా పని ఎక్కించే వరకే అని మళ్లీ అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు అన్నానో. అన్న ప్రతిసారీ కొంచెం చిన్నబోతున్నాను.

మార్చి 16

లచ్చి ఏదో కబురు మోసుకుని వచ్చి, పోతూ పోతూ కాంటా దగ్గర ఆగింది.

"తల్లికి తక్కువ తూగొద్దు గద?"

"తూగకూడదు."

"ఎక్కువ తూగితే?"

"తల్లికి సంతోషం" అన్నాను. మా బడి అయ్యగారు వింటే నా వీపు చిట్లేది.

ఆమె తల ఊపి వెళ్లింది. వెళ్లేవాళ్లు వెళ్లేముందు కొంచెం బాధపడాలి కదా. నన్ను విడిచి కాకపోయినా, తల్లిని విడిచి అయినా. ఈ మనిషి బెల్లం సంగతి అడుగుతోంది.

మార్చి 18

జనగామ అంగళ్లలో ఉన్న బెల్లం చాలలేదట. తొర్రూరుకు బండి కట్టారు. దొరసాని ఎంత బరువో కాంటా ఎక్కకముందే ఊరంతా తెలిసిపోయింది.

మార్చి 22, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పొద్దున్నే బెల్లం బండి వచ్చింది. వెనక దొరసాని మేనా, దాని వెనక మిగతా అందరూ. కాంటాకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. పైలట్ సాబ్ రెక్క నీడలో సిగరెట్టు తాగుతూ "యే క్యా హై?" అని అడిగాడు. "వజన్ సాబ్" అన్నాను, తూకమని. నేను బెల్లం దిమ్మ ఎత్తబోతే దొరసాని అరిచింది. "ముట్టకు. అది తల్లి సొమ్ము." నా మైదానంలో, నా కాంటా దగ్గర, నా ఆలోచన జరుగుతుంటే నేను పది గజాల అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాను. బెల్లం పేర్చే పని లచ్చికి చెప్పారు.

దొరసాని తట్టలో కూర్చోగానే ఒక వాసం నేలలోకి దిగింది. మాన్‌సింగ్ పరుగెత్తి ఆ వాసాన్ని కావలించుకున్నాడు. లచ్చి ఒక్కో దిమ్మ ఎత్తి పెట్టింది. బండి సగం ఖాళీ అయ్యేసరికి రెండు తట్టలూ సమానంగా వచ్చాయి. నేను "చాలు" అన్నాను. లచ్చి నా వైపు చూడనైనా లేదు. ఇంకా రెండు దిమ్మలు పెట్టింది. దొరసాని తట్ట గాల్లోకి లేచింది. దొరసాని నవ్వింది. ఆమె నవ్వగా చూడడం ఇదే మొదలు. మనిషి మంచిదే అనిపించింది ఆ నిమిషం.

బెల్లం తూకం రాసుకున్నాను. అందరి బరువూ కూడాను. సామాను కూడా కలిపాను. సరిగ్గా సరిపోయింది. పైలట్ సాబ్ తల ఊపాడు. ఈ మైదానంలో ఇంత నిక్కచ్చిగా పని చేసేవాడు ఎవడని నన్ను నేనే మెచ్చుకుంటూ "మాన్‌సింగ్, బెల్లం బండిలో పెట్టి వాపస్ పంపు" అన్నాను.

"యేడికి వాపస్?" అంది దొరసాని.

తూగక ముందు అది బెల్లమేనట. తూగిన తర్వాత బంగారం. వాళ్ల పుట్టింటి ఆనవాయితీ ప్రకారం తూగిన బంగారాన్ని విడిచి మొక్కినవాళ్లు పొలిమేర దాటకూడదట. తల్లులకు అప్పజెప్పే దాకా కళ్ల ముందే ఉండాలట. "నాతోనే వస్తది" అంది.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఒక్క దొరసానిని ఎక్కించలేక రెండు దొరసానులను తయారుచేశాను.

మనుషులతో పాటు బెల్లం కూడా ఎక్కించారు. ఇంత బరువుతో లేవదని పైలట్ సాబ్ వినలేదు. గుమాస్తా ఉర్దూలో బతిమాలాడు, తెలుగులో తిట్టాడు. ఆ తిట్లు నావి. మేనేజరు బెల్లం దించుదామన్నాడు. దొరసాని అయితే తాను కూడా దిగుతానంది. సరోజనమ్మ దిగదు, పిల్లలు దిగరు. వెండి ట్రంకు దిగదు. ఒక్కొక్కటే అడుగుతూ పోతే చివరికి ఏం మిగులుతుందో మైదానంలో అందరికీ కనిపిస్తోంది. నాకూ కనిపిస్తోంది. నా ముఖం చూస్తే మాన్‌సింగ్‌కు తెలిసిపోతుందేమోనని దూరం జరిగాను.

"పంతులూ, నువ్వు దిగు" అంది దొరసాని గుమాస్తాతో. "ఇత్తడి ట్రంకులు దించున్రి. లచ్చీ, నా తాంబూలం పెట్టె ఇచ్చి నువ్వు గూడ దిగు. ఎల్లుండి ఇద్దరు కలిసి రాండ్రి."

లచ్చి తాంబూలం పెట్టె ఇచ్చి దిగింది. గుమాస్తా కొత్త కోటుతో దిగాడు. చక్రాల కింద దిమ్మెలు తీశాను, పచ్చజెండా ఊపాను. బెల్లం ఎగిరిపోయింది.

గుమాస్తా షెడ్డులో రాత్రి ఉండలేడు, దోమలట. జనగామ పోతూ దించిన ట్రంకులకు లచ్చిని కావలి పెట్టాడు. లచ్చికి నన్ను కావలి పెట్టాడు. "ఎల్లుండి విమానం దాక ఈ మనిషి నీ జిమ్మ. కనబడకపోతే నీ తోలు తీస్త" అన్నాడు.

వాడు అటు పోగానే కొమురమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "కడుపుల ఇంత పెట్టుకొని నాతోని ఏం తెల్వనట్టు మాట్లాడినవు కొడుకా" అంది. కాదవ్వా, నా తెలివితక్కువతనం అని చెబుదామని నోరు తెరిచాను. జొన్నరొట్టె ముక్క పెట్టింది. నమిలాను.

మార్చి 23, మంగళవారం

నిన్నటి నుంచి నేను వీరుడిని. మాన్‌సింగ్ కూడా అన్నాడు, నువ్వు సంఘం మనిషివని నాకు తెలియదే అని. నేను జవాబు చెప్పకుండా దూరంగా చూశాను. సంఘం మనుషులు అట్లాగే చూస్తారనుకుంటాను.

మిట్టమధ్యాహ్నం, మేనేజరు కునుకు తీస్తుండగా, వీరుడు టోపీ సర్దుకుని షెడ్డులోకి పోయాడు. లచ్చి ట్రంకు మీద కూర్చుని ఉంది. నేను రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఒకేసారి చెప్పేశాను. డోర్నకల్ పోదాం, మిషన్ వాళ్లు చేరదీస్తారు, దవాఖానలో పని నేర్పుతారు, గుమాస్తా అక్కడ అడుగు పెట్టలేడు, ఆ తర్వాత అయ్యగారు పెళ్లి కూడా చేస్తారు.

"ఎవలికి?"

"అడిగిన వాళ్లకు" అన్నాను.

"ఆడ గూడ దొరసాని ఉంటదా?"

"ఉంటుంది. తెల్లామె. చాలా మంచిది, కొట్టదు."

"ఆమె గిన్నెలు ఎవలు తోముతరు?"

జవాబు నాకు తెలుసు. మా పెద్దమ్మ తోముతుంది.

ఆమె లేచి పైట బిగించుకుంది. అప్పుడు చెప్పింది. మొదటి రోజు నేను కాంటా దగ్గర గొప్పలు చెప్పుకున్నప్పటి నుంచి మనసులో లెక్క వేస్తూనే ఉందట. దొరసాని ఎంత, తానెంత, ట్రంకులెంత. ఆ ఇంటి ఆనవాయితీ ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. బెల్లం విడిచి దొరసాని పోదని తెలుసు. "నువ్వు చాలంటివి. చాలకపోతే ఎట్లనని ఇంక రెండు పెట్టిన" అంది.

"మరి నేను?" అన్నాను. ఇంత జరిగినా ఆ మాట అడగడానికి నాకు సిగ్గులేకపోయింది.

"నువ్వు కాంటా మీద బెల్లం పెట్టుమన్నవు గద. అది మాకు తట్టకపోవు. మంచోనివే నువ్వు."

బయట కొమురమ్మ రెండు గడ్డిమోపులు కట్టి ఉంచింది. రోజూ ఆ వేళకు గడ్డి కోసేవాళ్లు మోపులు మోసుకుని గేటు దాటుతారు, ముఖాలు ఎవరూ చూడరు. పరకాల దారి పట్టి వాళ్ల ఊరికి నడుస్తారట. ఊళ్లో సంఘపోళ్లు గడీ భూమి పంచితే కొమురమ్మకు ఒక చెక్క వచ్చిందట.

"అవ్వతోని నాగలి పట్టుడు గాదు. నేను ఇన్నేండ్లు గిన్నెలే పట్టిన. ఒక మనిషి కావాలె" అంది లచ్చి. మోపు నెత్తికెత్తుకుని, గడ్డి కిందినుంచి నన్ను చూసింది. "నువ్వు వస్తవా?"

వెక్కిరింపు కాదు. నేను చాలాసేపు వెతికాను ఆ ముఖంలో, వెక్కిరింపు దొరికితే బాగుండునని.

"నాకు ఉద్యోగం ఉంది" అన్నాను.

"మంచిది" అంది. ఇద్దరూ గేటు దాటారు. నేను ఖాళీ షెడ్డు ముందు నిలబడ్డాను. చేతిలో జెండా ఉంది. కనీసం అదైనా ఊపలేదు.

మార్చి 24

గుమాస్తా వచ్చాడు. రేపు రాస్తాను. వేళ్లు వంగడం లేదు.

మార్చి 25, గురువారం

ఎడమచేత్తో రాస్తున్నాను. నిన్న గుమాస్తాతో పాటు దొర మనుషులు ఇద్దరు వచ్చారు. జీపు కూడా ఉంది. ఆ జీపు చూశాక నాకు భయం మొదలైంది. నడిచిపోయే ఆడవాళ్లు ఇద్దరు, ఈపాటికి హనుమకొండ దాటితే గొప్ప. పరకాల దారి అని ఒక్క మాట అంటే చాలు, పొద్దుగూకే లోపల పట్టుకొస్తారు.

"ఏడికి పోయిందిరా?"

నన్ను నాకు తెలుసు. బడిలో బెత్తం చూపిస్తే చేయని తప్పు కూడా ఒప్పుకునేవాణ్ణి. మొదటి దెబ్బకే చెప్పేస్తాననుకున్నాను. దెబ్బ పడింది. టోపీ ఎక్కడో పడింది. చెప్పలేదు. సరే, రెండో దెబ్బకు చెబుతాను కాబోలు అనుకున్నాను. ఒక చెంప మీద కొడితే రెండోది చూపించాలని మాకు నేర్పారు. నేను చూపించలేదు, వాళ్లే తిప్పుకున్నారు. అప్పుడు కూడా చెప్పలేదు. నేలమీద పడి ఉన్నాను, బూటు వేళ్ల మీద ఉంది. ఇప్పుడు, ఇప్పుడు చెప్పేస్తాను అని నా నోటి కోసం నేనే ఎదురుచూశాను. మాన్‌సింగ్ గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు.

చాలాసేపటి తర్వాత "డోర్నకల్" అన్నాను. "మిషన్‌కు పంపిన. నేనే పంపిన."

నమ్మారు. ముందే అని ఉంటే నమ్మేవాళ్లు కాదు. అంత ఆలోచించే ఆగానని ఇక్కడ రాసుకోవాలని ఉంది. నిజానికి అప్పటిదాకా ఆ మాట నాకు తట్టలేదు. జీపు డోర్నకల్ దిక్కు పోయింది.

మేనేజరు ఉద్యోగం తీసేశాడు. టోపీ కంపెనీదట, దులిపి తీసుకున్నాడు.

మార్చి 26, గుడ్ ఫ్రైడే

ప్రార్థనకు పోలేదు. ఈ ముఖంతో పోతే నన్ను చూసి జనం మరీ ఎక్కువ ఏడుస్తారు.

మాన్‌సింగ్ పసుపు, సున్నం కలిపి వేళ్లకు కట్టు కట్టాడు. డోర్నకల్‌లో ఎవరూ దొరకలేదని తెలియగానే వాళ్లు మళ్లీ నా దగ్గరికే వస్తారు, ఎటైనా పో అన్నాడు. ఎటు పోను అని అడిగాను. జవాబు కోసం కాదు. వాడు చెబితే వాడి మాట మీద పోయినట్టుంటుందని.

నాకు దున్నడం రాదు. నాగలి ఎప్పుడూ పట్టలేదు. కుడిచేతి వేళ్లు నెల రోజులు ఏమీ పట్టవని కూడా మాన్‌సింగ్ అంటున్నాడు. అట్లాంటి మనిషితో వాళ్లకు ఏం పని? పైగా నా వెనక జీపు వస్తే? అందుకని రోడ్డు మీద పోను, చేల మధ్య నుంచి పోతాను. చూశారా, పోనని రాయడం మొదలుపెట్టి దారి దగ్గరికి వచ్చాను.

ఆమె రమ్మంటే ఉద్యోగం ఉందన్నాను. ఇప్పుడు ఉద్యోగం లేదు. ఇక చెప్పడానికి నా దగ్గర సాకు కూడా లేదు. పెళ్లి మాట ఎత్తను. దెబ్బల మాట అసలే ఎత్తను. ఒక మనిషి కావాలన్నారు కదా, అది నేనేమో చూడమని అడుగుతాను.